నలభై దాటాక సైకిల్ ఎక్కేవాళ్ళకి హెల్మెట్ కావాలా?

మీరు అడిగినవి మూడు. నలభై దాటాక మళ్ళీ సైకిల్ మొదలుపెట్టారు, రోజూ ఆఫీసుకి పోయి రావడానికి, పెద్ద స్పీడేమీ కాదు, మరి హెల్మెట్ పిల్లలకీ రేసులవాళ్ళకీ కదా, నాకెందుకు అన్నది మొదటిది. నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్ళెవరూ పెట్టుకోరు, పైగా హెల్మెట్ ఉంటే కార్లవాళ్ళు ఇంకా దగ్గరగా వస్తారని ఎవరో పరిశోధించారట, నిజమేనా అన్నది రెండోది. అటక మీద పాత హెల్మెట్ ఒకటి పడుంది, అది సరిపోతుందా అన్నది మూడోది.

నేను ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళకి సైకిల్ నేర్పుతున్నాను, కొత్తవాళ్ళని వెంటపెట్టుకుని గ్రూప్ రైడ్లు చేయిస్తున్నాను. ఆ అనుభవంతోనూ చదివినదానితోనూ చెప్తున్నా: పెట్టుకోండి. ప్రతిసారీ, పక్క వీధికి పోయినా సరే. అయితే హెల్మెట్ పెట్టుకోని పెద్ద మనిషికి ఫైన్ వేయాలా అని అడిగితే మాత్రం వద్దంటాను. రెండూ ఒకేసారి ఎలా అంటారా, వరసగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు హెల్మెట్ దేనికోసం తయారయిందో చూద్దాం, ఎందుకంటే వాదనల్లో సగం అక్కడే దారి తప్పుతాయి. అందరూ ఊహించుకునేది వెనక నుంచి లారీ వచ్చి గుద్దడం. "లారీ గుద్దితే ఆ థర్మోకోల్ ముక్క ఏం కాపాడుతుందండీ" అంటారు. నిజమే, కాపాడదు. కాపాడుతుందని దాన్ని తయారుచేసినవాళ్ళు కూడా చెప్పలేదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం హెల్మెట్‌ని పరీక్షించేటప్పుడు దాని లోపల తల ఆకారంలో ఉన్న దిమ్మ పెట్టి, చదునైన ఇనప దిమ్మ మీదకి సెకనుకి 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. అంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి వదిలేసినట్టు. అప్పుడు లోపలి తలకి తగిలే కుదుపు భూమ్యాకర్షణకి 250 రెట్లు దాటకూడదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ పెట్టిన, 1999 నుంచి అమల్లో ఉన్న ప్రమాణంలో రెండు మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, అక్కడ పరిమితి 300 రెట్లు.

ఈ ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తు ఎక్కడిదో ఆలోచించండి. సీటు మీద కూర్చున్నప్పుడు మీ తల నేల నుంచి ఇంచుమించు అంత ఎత్తులోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి, కాలు కింద పెట్టేలోపు బ్యాలెన్స్ తప్పి పక్కకి ఒరిగిపోయారనుకోండి, సైకిల్ వేగం సున్నా, పక్కన ఏ బండీ లేదు, అయినా తల నేలని తాకేసరికి గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. గోడకో స్తంభానికో ఎదురుగా పోయి గుద్దుకుంటే తప్ప, ముందుకు పోయే వేగం మిమ్మల్ని రోడ్డు మీద ఈడుస్తుంది, చర్మం లేచిపోతుంది, అంతే. తలని నేలకేసి కొట్టేది ఆ ఎత్తు. అందుకే "నేను మెల్లగా తొక్కుతాను కాబట్టి నాకు అక్కర్లేదు" అన్న మాట లెక్కకి నిలబడదు. మెల్లగా తొక్కేవాడి పాటుకి సరిపోయేలా చేసిన వస్తువే ఇది. ఆ పరిధిలో బాగా పనిచేస్తుంది, దాన్ని దాటితే కొంతవరకే.

పనిచేయడం అంటే ఏం చేస్తుందో కూడా చెప్తాను. ఒట్టి తల గట్టి నేలకి తగిలితే అది ఆగడానికి దొరికే చోటు కొద్ది మిల్లీమీటర్లు, తల మీది చర్మం మందం అంత. హెల్మెట్ లోపలి ఫోమ్ సాధారణంగా రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఆ ఫోమ్ నలుగుతూ తలని ఆపుతుంది కాబట్టి ఆగే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది, దూరం పెరిగిన కొద్దీ కుదుపు తగ్గుతుంది. ఒకసారి నలిగిన ఫోమ్ మళ్ళీ పైకి లేవదు. నేర్పే క్లాసుల్లో చూపించడానికి నా దగ్గర ఒక హెల్మెట్ ఉంటుంది, మా గ్రూపులో పడిన ఒకాయన ఇచ్చింది. బయట నుంచి చూస్తే కుడి కణత పైన అరచేతి వెడల్పున గరుకు తప్ప ఏమీ ఉండదు, "దీనికేమైంది, బాగానే ఉందిగా" అంటారు అందరూ. పైన ఉన్న పల్చటి ప్లాస్టిక్ పెంకు ఎత్తి చూపిస్తాను. కింద తెల్లటి ఫోమ్‌లో గాలి రంధ్రం అంచు నుంచి ఇంకో రంధ్రం దాకా దారమంత సన్నటి పగులు, దాని పక్కన బొటనవేలు పట్టేంత చోట గింజలన్నీ అణిగిపోయి నున్నగా మెరుస్తూ ఉంటాయి. అక్కడ వేలు పెట్టి నొక్కితే మిగతా చోట కంటే గట్టిగా తగులుతుంది. అంటే అక్కడ నలగడానికి ఇంకేమీ మిగల్లేదు. దాన్నే మళ్ళీ పెట్టుకుని అదే చోట పడితే లోపల ఉన్నది రాయితో సమానం.

ఇక అసలు సంగతి. హెల్మెట్ పిల్లల వస్తువు అన్న అభిప్రాయం ఎలా వచ్చిందో గానీ, వయసు పెరిగిన కొద్దీ దాని అవసరం పెరుగుతుంది. వయసుతో మెదడు కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. పుర్రె మాత్రం అంతే ఉంటుంది. మధ్యలో ఖాళీ పెరుగుతుంది కాబట్టి మెదడు నుంచి పై పొరకి పోయే సన్నటి సిరలు ముందే సాగి ఉంటాయి, తల ఒక్కసారిగా ఆగినప్పుడు లోపల మెదడు వదులైన పెట్టెలో గాజు సామానులా కదులుతుంది, ఆ సిరలు తెగి నెమ్మదిగా రక్తం చేరుతుంది. డాక్టర్లు సబ్‌డ్యూరల్ హెమటోమా అనేది ఇదే. దీని లక్షణాలు బయటపడటానికి ఒక్కోసారి రోజులు, వారాలు కూడా పడుతుంది. గుండె జబ్బుకో స్ట్రోక్ రాకుండానో రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం, చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవచ్చు. యాభై, అరవై ఏళ్ళ వాళ్ళు సైకిల్ నేర్చుకోవడానికి వస్తే నేను మొదట అడిగే ప్రశ్న అదే: రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అని. అవునంటే హెల్మెట్ లేకుండా ఖాళీ మైదానంలో కూడా సైకిల్ ఎక్కనివ్వను, ఈ ఒక్క విషయంలో నాతో బేరం లేదు.

దానికి తోడు పెద్దవాళ్ళు పడే తీరు వేరు. పిల్లవాడి తల నేలకి దగ్గర, ఒళ్ళు తేలిక. మనం ఎత్తు నుంచి, బరువుతో పడతాం, చేతులు హ్యాండిల్ వదిలి నేలకి ఆనించేలోపే అయిపోతుంది. నేను చూసిన పాట్లలో ఎక్కువ భాగం పక్కన ఏ బండీ లేకుండా జరిగినవే. మలుపులో ఇసుక, వాన పడ్డాక జారే జీబ్రా గీతలు, ముందు బ్రేకు ఒక్కసారి గట్టిగా పట్టేయడం, హ్యాండిల్‌కి తగిలించిన సంచీ ఊగి చక్రంలో ఇరుక్కోవడం, షూకి పట్టేసే పెడల్ నుంచి కాలు సమయానికి రాకపోవడం. గ్రూపులో అయితే ముందువాడి వెనక చక్రానికి మన ముందు చక్రం రాసుకోవడం, దీనికి ఎంత అనుభవం ఉన్నా మినహాయింపు లేదు. ప్రొఫెషనల్ రేసుల్లోనే చూడండి. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ హెల్మెట్ తప్పనిసరి చేయబోతే రేసర్లు ఎదురుతిరిగారు, వెనక్కి తగ్గింది. 1995లో టూర్ ద ఫ్రాన్స్‌లో పర్వతం దిగుతూ ఫాబియో కసర్తెల్లి పడి చనిపోయినా నిబంధన రాలేదు. 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్ రేసర్ ఆంద్రేయ్ కివిలేవ్ చనిపోయాకే, ఆ ఏడాది మేలో తప్పనిసరి అయింది. కివిలేవ్ పడింది కొండ దిగుతూ మెరుపు వేగంలో కాదు, గుంపులో ఇంకో రేసర్‌కి తగిలి. సైకిల్ మీదే బతికినవాళ్ళకే అలా జరిగితే, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎక్కిన మనం నాకేం కాదులే అనుకోవడానికి ఆధారం ఏముంది?

సరే, లెక్కలు. నెట్‌లో ఎక్కువగా తిరిగే అంకె 85 శాతం. అది 1989లో అమెరికాలోని సియాటెల్‌లో ఆస్పత్రులకి వచ్చిన సైక్లిస్టుల మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చింది, తలదెబ్బ ప్రమాదం 85 శాతం తగ్గుతుందని. చిన్న అధ్యయనం, పోల్చిన మనుషుల మధ్య తేడాలున్నాయి, తర్వాత ఎన్నో అధ్యయనాలు కలిపి వేసిన పెద్ద లెక్కల్లో అంత పెద్ద అంకె రాలేదు. ఎవరైనా మీకు 85 శాతం అని చెప్తే వాళ్ళు పాత మాట చెప్తున్నట్టే. నేను నమ్మేది 2017లో ఒలివియర్, క్రైటన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు వేసిన లెక్క. 40 అధ్యయనాలు, గాయపడ్డ సైక్లిస్టులు 64 వేల మందికి పైగా. హెల్మెట్ ఉన్నవాళ్ళలో తలదెబ్బ అవకాశం సగానికి, తీవ్రమైన తలదెబ్బ అవకాశం దాదాపు 70 శాతం, ముఖానికి దెబ్బ మూడో వంతు తక్కువగా తేలింది. మరుసటి ఏడాది నార్వే పరిశోధకురాలు హోయ చేసిన లెక్కలో తలదెబ్బలు 48 శాతం, తీవ్రమైనవి 60 శాతం తగ్గాయి. రెండూ ఇంచుమించు ఒకే చోటికి వచ్చాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవన్నీ అప్పటికే పడి ఆస్పత్రికి వచ్చినవాళ్ళని పోల్చే లెక్కలు. హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు మామూలుగానే కొంచెం జాగ్రత్తగా తొక్కేవాళ్ళయి ఉండొచ్చు, తాగి తొక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవడం తక్కువ, ఇలాంటివి పూర్తిగా విడదీయడం కష్టం. కాబట్టి "సరిగ్గా 69 శాతం" అని రాసిపెట్టుకోకండి. కానీ పడ్డాక తల నేలకి తగిలితే మధ్యలో ఫోమ్ ఉండటం మేలా, లేకపోవడం మేలా అన్న ప్రశ్నకి ఆస్పత్రి లెక్కలూ ల్యాబ్ పరీక్షలూ ఒకే జవాబు చెప్తున్నాయి.

హెల్మెట్ ఏ దెబ్బని బాగా ఆపుతుంది, ఏ దెబ్బని అంత బాగా ఆపదు అన్నది కూడా తెలియాలి. పుర్రె పగలడం, దాని కింద రక్తస్రావం, వీటిని బాగా తగ్గిస్తుంది. కంకషన్, అంటే మెదడు అదిరి కాసేపు మైకం, మరుపు, రోజుల తరబడి తలనొప్పి లాంటివి, అక్కడ అంత గట్టి హామీ లేదు, ఎందుకంటే కంకషన్‌లో తల గిర్రున తిరగడం పాత్ర పెద్దది, పాత ప్రమాణాలేమో నేరుగా పడే దెబ్బనే కొలుస్తాయి. ఈ తిరుగుడు తగ్గించడానికి స్వీడన్‌లో మిప్స్ అనే ఏర్పాటు కనిపెట్టారు: లోపల ఒక పల్చటి పొర, దెబ్బ తగిలిన క్షణంలో హెల్మెట్ తల మీద పది పదిహేను మిల్లీమీటర్లు జారేలా. అదే పని వేరే పద్ధతుల్లో చేసే కంపెనీలూ ఉన్నాయి. అమెరికాలో వర్జీనియా టెక్ యూనివర్సిటీ ల్యాబ్ 2018 నుంచి సైకిల్ హెల్మెట్లని ఏటవాలుగా ఉన్న గరుకు దిమ్మ మీద పడేసి, తిరుగుడు కూడా కొలిచి స్టార్లు ఇస్తోంది. ఫలితాలు ఎవరైనా చూసుకోవచ్చు. కొనేముందు అక్కడ ఒకసారి చూడమంటాను, ఎందుకంటే ఖరీదైనదే మంచిదన్న లెక్క ఆ పట్టికలో నిలబడదు, తక్కువ ధర మోడళ్ళు కూడా కొన్ని పైన ఉంటాయి.

హెల్మెట్ ఉన్నా సరే, పడి తల తగిలిందంటే ఆ రోజు ఇక సైకిల్ దిగాల్సిందే. వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, నిద్రమత్తు, మాట తడబడటం, ఒక కంటిపాప పెద్దదిగా కనపడటం, చేయో కాలో బలహీనంగా అనిపించడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళయితే ఏ లక్షణమూ లేకపోయినా వెళ్ళాలి. లేచి నిలబడి, నవ్వుతూ మాట్లాడి, గంట తర్వాత స్పృహ తప్పే రకం రక్తస్రావం కూడా ఉంది, కాబట్టి "బాగానే ఉన్నాను" అన్న మాట నమ్మి ఒంటరిగా పంపించకూడదు.

ఇప్పుడు నెదర్లాండ్స్ సంగతి. అక్కడ రోజువారీ తొక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవడం నిజంగానే చాలా తక్కువ, అయినా తొక్కిన దూరంతో పోలిస్తే చావులు తక్కువ. కారణం వాళ్ళ రోడ్లు. సైకిల్‌కి విడిగా దారి, కూడళ్ళలో కార్లు మెల్లగా తిరగక తప్పని మలుపులు, ఇళ్ళ వీధుల్లో గంటకి 30 కిలోమీటర్ల పరిమితి, పైగా కారు నడిపే దాదాపు ప్రతివాడూ సైకిల్ తొక్కేవాడే. ప్రమాదం జరగకుండా చూడటంలో ఇవన్నీ హెల్మెట్ కంటే ఎన్నో రెట్లు మేలు, ఈ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మీరు రోజూ తొక్కేది ఆ రోడ్ల మీదేనా? అక్కడ కూడా కథ మారుతోంది. 2022లో నెదర్లాండ్స్‌లో 291 మంది సైక్లిస్టులు చనిపోయారు, వాళ్ళలో పెద్ద వయసువాళ్ళ వాటా ఎక్కువ. ఎలక్ట్రిక్ సైకిళ్ళు వచ్చాక డెబ్బై దాటినవాళ్ళు కూడా మునుపటి కంటే వేగంగా, దూరంగా పోతున్నారు. అక్కడి ప్రభుత్వమే ఇప్పుడు ఇష్టపూర్వకంగా హెల్మెట్ పెట్టుకోమని ప్రోత్సహిస్తోంది. డెన్మార్క్ చూడండి, ఇరవై ఏళ్ళ కిందట పదిమందిలో ఒక్కరు కూడా పెట్టుకునేవారు కాదు, ఈమధ్య నగరాల్లో దాదాపు సగం మంది పెట్టుకుంటున్నారు. పెద్దవాళ్ళకి చట్టం లేదు, ఫైన్ లేదు. చెప్పి ఒప్పించారు, అంతే.

కార్లు దగ్గరగా రావడం గురించి మీరు విన్నది ఇంగ్లండ్‌లో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వవేత్త 2007లో ప్రచురించిన అధ్యయనం. సైకిల్‌కి దూరం కొలిచే సెన్సర్ కట్టుకుని, కొన్నిసార్లు హెల్మెట్‌తో, కొన్నిసార్లు లేకుండా తొక్కాడు. హెల్మెట్ ఉన్నప్పుడు బళ్ళు సగటున 8 సెంటీమీటర్ల పైచిలుకు దగ్గరగా దాటాయి. దాటే దూరమేమో సగటున మీటరు పైమాటే. తర్వాత ఒలివియర్, వాల్టర్ అదే డేటాని తీసుకుని మీటరు లోపు దాటిన, అంటే నిజంగా భయపడాల్సిన సందర్భాలు విడిగా లెక్కిస్తే హెల్మెట్ వల్ల తేడా కనపడలేదు, దాని మీద వాకర్ మళ్ళీ జవాబిచ్చాడు, ఆ వాదన నడుస్తూనే ఉంది. నా అభిప్రాయం ఏంటంటే, ఒక్క మనిషి ఒక సెన్సర్‌తో కొలిచిన ఆ కొద్ది సెంటీమీటర్ల కోసం తల ఖాళీగా పెట్టుకుని వెళ్ళడం సరైన బేరం కాదు. బండివాడు దూరంగా పోవాలంటే రోడ్డు అంచుకి నక్కకుండా ఒక మీటరు లోపలికి తొక్కండి, తిన్నగా తొక్కండి, చీకట్లో వెనక ఎర్ర లైటు వేసుకోండి. అవి పనిచేస్తాయి.

హెల్మెట్ పెట్టుకుంటే ధీమా పెరిగి దూకుడుగా తొక్కుతారన్న మాట కూడా వింటుంటాం. దాని మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి 2019లో చూస్తే గట్టి ఆధారం దొరకలేదు. నేను నేర్పినవాళ్ళలోనూ చూడలేదు, జాగ్రత్తపరుడు హెల్మెట్‌తోనూ జాగ్రత్తపరుడే.

మరి ఇంత చెప్పి చట్టం ఎందుకు వద్దంటున్నాను? ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990లో ప్రపంచంలోనే మొదటిసారి అన్ని వయసులవాళ్ళకీ తప్పనిసరి చేసింది, 1992 కల్లా దేశమంతా వచ్చింది, 1994లో న్యూజీలాండ్. తలదెబ్బలు తగ్గాయి, కానీ మొదటి ఏళ్ళలో సైకిల్ తొక్కేవాళ్ళూ తగ్గారు, ముఖ్యంగా టీనేజ్ పిల్లలు. దేని వాటా ఎంతన్నది ముప్పై ఏళ్ళుగా తెగని తగవు. మెక్సికో సిటీ 2010లో అద్దె సైకిళ్ళు మొదలుపెట్టినప్పుడు నిబంధన తీసేసింది. సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ 2022లో రద్దు చేసింది, ఎందుకంటే ఫైన్లు పడుతున్నది ఎక్కువగా ఇళ్ళు లేనివాళ్ళకీ నల్లజాతివాళ్ళకీ అని తేలింది. జపాన్ మాత్రం 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్ళూ పెట్టుకోవడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసింది, శిక్ష లేకుండా. నాకు నచ్చిన దారి అది. సైకిల్ తొక్కడం వల్ల గుండెకీ షుగర్‌కీ కలిగే మేలు చాలా పెద్దది, ఫైన్ భయంతో ఒక మనిషి సైకిల్ మూలన పడేస్తే సమాజానికి నష్టమే. ఇంకో బాధ కూడా ఉంది నాకు: సైక్లిస్టు చనిపోయిన ప్రతి వార్త కింద "హెల్మెట్ లేదు" అని ఒక ముక్క రాస్తారు, కాళ్ళ మీద నుంచి ట్రక్కు వెళ్ళినా సరే. రోడ్డు వేసినవాడి బాధ్యత, బండి నడిపినవాడి బాధ్యత మొత్తం ఆ ఒక్క ముక్కతో చచ్చినవాడి నెత్తిన పెట్టేస్తారు. హెల్మెట్ మంచిదని చెప్పే మనమే ఈ అన్యాయాన్ని గట్టిగా ఎదిరించాలి.

నడిచేవాళ్ళు కూడా పడతారు కదా, వాళ్ళకెందుకు హెల్మెట్ లేదు అని మీ స్నేహితుడు అన్నాడని రాశారు. తర్కం బాగానే ఉంది. నడిచేవాడి కాళ్ళు నేల మీద ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి, సైకిల్ మీద ఈ రెండూ లేవు. అయినా ఏ ఒక్క ప్రయాణంలోనైనా పడే అవకాశం చాలా చిన్నదే, అది నిజం. రోజుకి రెండుసార్లు, ఏళ్ళ తరబడి తొక్కేవాడికి ఆ చిన్నవి కూడుతూ పోతాయి. అర నిమిషం పనికి ఆ మాత్రం రక్షణ వస్తుంటే నేను వదులుకోను.

ఇప్పుడు నేను రోజూ సరిచేసే విషయం. పెట్టుకున్నవాళ్ళలో చాలామంది తప్పుగా పెట్టుకుంటారు. హెల్మెట్ వెనక్కి జారి నుదురంతా బయటే ఉంటుంది, గడ్డం కింద పట్టీ హారంలా వేలాడుతుంటుంది. ముందుకి పడితే మొదట తగిలేది నుదురే, హెల్మెట్ ఇంకా వెనక్కి పోయి మెడ మీద కూర్చుంటుంది. ఇలా పెట్టుకోండి: తల మీద తిన్నగా, ముందు అంచుకీ కనుబొమ్మలకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. వెనక డయల్ తిప్పి బిగించాక, పట్టీ పెట్టకుండానే తల వంచి అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటే కదలాలి, జారి పడకూడదు. పడితే సైజు పెద్దదన్నమాట, పట్టీ బిగించినా లాభం లేదు. చెవికి ముందొకటి వెనకొకటి వచ్చే పట్టీలు చెవి తమ్మెకి సరిగ్గా కింద కలవాలి, చాలామంది వదిలేసేది దీన్నే, ఆ క్లిప్‌ని పైకీ కిందకీ జరపొచ్చని కూడా తెలియదు. బకిల్ పెట్టాక గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు దూరాలి. చివరగా ఆవులించినట్టు నోరు బాగా తెరవండి, హెల్మెట్ మాడుని కిందకి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే పట్టీ వదులు. తర్వాత ముందు అంచు పట్టుకుని పైకి వెనక్కి తోసి చూడండి, నుదురు బయటపడితే చెవి ముందు పట్టీలు ఇంకా బిగించాలి. జుట్టు ముడి వేసుకునేవాళ్ళు ముడి మెడ దగ్గరకి, కిందకి వేసుకోవాలి. మాడు మీద ముడి ఉంటే హెల్మెట్ తల మీద కూర్చోదు. కింద పల్చటి గుడ్డ టోపీ పర్వాలేదు, చెమట కళ్ళల్లోకి రాకుండా ఉంటుంది, మందపాటి ఉన్ని టోపీ వద్దు.

మోటార్‌సైకిల్ హెల్మెట్ వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. తొక్కేటప్పుడు ఒళ్ళు వేడెక్కుతుంది, దానిలో గాలి ఆడదు, బరువుకి మెడ నొప్పి, చెవులు మూసుకుపోయి వెనక బండి వినపడదు, వారం తిరక్కుండా పక్కన పడేస్తారు. సైకిల్‌కి సైకిల్ హెల్మెట్టే. గంటకి 45 కిలోమీటర్లు పోయే ఎలక్ట్రిక్ సైకిళ్ళ సంగతి వేరు, వాటికోసం నెదర్లాండ్స్‌లో ఎన్‌టీఏ 8776 అని విడిగా ఒక ప్రమాణం ఉంది, తల వెనకా కణతల దగ్గరా ఎక్కువ భాగం కప్పేలా చేస్తారు, అలాంటిది తీసుకోండి.

చివరికి మీ అటక మీది హెల్మెట్. ముందు లోపల స్టిక్కర్ వెతకండి. ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో, మీ దేశపు ప్రమాణం అనో ఉండాలి, పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఏ ప్రమాణమూ లేకపోతే అక్కడితో ఆపేయండి. ఎన్నేళ్ళకి మార్చాలన్న దాని మీద కంపెనీలు మూడు నుంచి ఐదేళ్ళు అంటాయి, అమెరికా సీపీఎస్‌సీ ఐదు నుంచి పదేళ్ళు అంటుంది. నా లెక్కలో వయసు కంటే అది ఎక్కడ, ఎలా ఉందన్నది ముఖ్యం. అటక మీద పైకప్పు వేడి తగిలిందా, పక్కన పెయింట్ డబ్బాలు గానీ థిన్నర్ గానీ పెట్టారా, దాని మీద సామాన్లు పేర్చారా? థిన్నర్, పెట్రోలు లాంటివి ఆ ఫోమ్‌ని కరిగించేస్తాయి, బయట పెంకు మీద మాత్రం ఏమీ కనపడదు. లోపలి మెత్తలు ఊడదీసి వెలుతురులో పెట్టి ఫోమ్ అంతా తడిమి చూడండి: పగులు, అణిగిన చోటు, పెంకుకీ ఫోమ్‌కీ మధ్య ఎడం, ఏదైనా ఉంటే పారేయండి. రెండు చేతులతో పక్కల నుంచి మెల్లగా వత్తితే కిర్రుమని చప్పుడు వస్తే కూడా అంతే. పట్టీలు పీచులు లేచాయా, బకిల్ పెట్టి గట్టిగా లాగితే ఊడుతోందా చూడండి. అది ఒకప్పుడు ఎవరు వాడారో, దానితో ఎవరైనా పడ్డారో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేకపోతే దాన్ని నమ్మకండి, కొత్తది కొనండి. పారేసేముందు పట్టీలు కత్తిరించండి, లేకపోతే ఇంకెవరో తీసుకెళ్ళి పెట్టుకుంటారు.